వత్తానన్న మాట

సాయంత్రం అయిదూ ముప్పావు అయ్యేసరికి దేముడు బెల్లం వండే పెనం దగ్గర నుంచి లేచిపోతాడు. పాకం అందిందా లేదా అన్నది అప్పుడతనికి పట్టదు. జల్లిగరిటె కడిగి గుంజకున్న మేకుకి తగిలిస్తాడు. ఇంటి పెరట్లోకి పోయి చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోముతాడు. నిండా నీళ్ళు పోసి, వీధరుగు మీద గడపకు కుడిపక్కన పెట్టి, తానూ దాని పక్కన గొంతుక్కూర్చుని రోడ్డు మలుపు చూస్తూ ఉంటాడు. ఊరెళ్ళి వచ్చిన మనిషికి కాళ్ళు కడుక్కోను నీళ్ళివ్వడం ఆ యింటి పద్ధతే. ఈ చెంబు మాత్రం అతని తల్లి కోసం. ఆమె పోయి అయిదున్నరేళ్ళయింది.

ఆ వేళా అలాగే లేచిపోయాడు. పెనంలో రసం ఎర్రబడి చిక్కబడుతోంది. మునగపాక చుట్టుపక్కల దేముడంత నికరంగా పాకం చెప్పేవాడు లేడని ముసలి రైతులే ఒప్పుకుంటారు. మిగతావాళ్ళు పాకం చుక్క చన్నీళ్ళలో వేసి ఉండ కడుతుందేమో చూస్తారు. దేముడు చూడడు. కళ్ళు మూసుకుని, వేళ్ళ మధ్య ఎండు చెరుకాకు నలుపుకుంటూ, బుడగ పగిలే చప్పుడు వింటాడు. ముప్పైరెండేళ్ళ మనిషి, కాళ్ళ మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ నిలబడతాడు. ఉన్నట్టుండి "దించు" అంటాడు. ఆ మాట ఒక్కనాడూ తప్పు కాలేదు.

"గంట కొట్టేసింది," అన్నాడు గానుగలో చెరుకు పెడుతున్న అప్పలరాజు. "గుళ్ళో దేముడికైతే మనం కొట్టాలి. మన దేముడు ఆయన గంట ఆయనే కొట్టుకుంతాడు."

నూకరత్నం నవ్వలేదు. మరిది వదిలేసిన చోట తాను నిలబడి గరిటె అందుకుంది. రెండుసార్లు తిప్పేసరికి పొత్తికడుపులో మెలి పెట్టింది. గరిటె కాడ కడుపుకి ఆనించి వంగి ఊరుకుంది.

పొయ్యిలోకి పిప్పి తోస్తున్న సింహాద్రి అది చూశాడు. చేతులు దులుపుకుని వచ్చి పెళ్ళాం చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"ఎల్లి కూకో."

"పాకం?"

"మాడితే మాడతాది."

మాడింది. ఆ వాయి బెల్లం దిమ్మలు నల్లగా దిగాయి. సింహాద్రి వాటి మీద గోనె కప్పి, బీడీ వెలిగించి, మెల్లగా అన్నాడు.

"బుధారం కాక పై బుధారం నిన్ను ఆసుపత్రిలో సేర్సాలి. గడ్డ పెరుగుతున్నాదని డాట్టరమ్మ సెప్పీసింది. ఈలోగా ఈడిని పంపేత్తాను. విశాఖ అవతల ఇలాటోల్లని ఉంచుకునే ఆస్టలున్నాదంట. మాటాడేను."

"నాకు సెప్పకుండా మాటాడేవా?"

"సెప్తే ఒప్పుకుంతావేటి?" సింహాద్రి కింది పెదవి మీద వేలితో రాసుకున్నాడు. అక్కడ కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. కిందటి నెల స్కానింగుకని నూకరత్నం ఆటో ఎక్కుతుంటే దేముడు వచ్చి చక్రం ముందు పడుకున్నాడు. లాగబోయిన అన్న మొహం మీద తలతో కొట్టాడు. ఆమె ఆటో దిగి ఇంట్లోకి పోయేదాకా లేవలేదు. స్కానింగు పది రోజులు వెనక్కి పోయింది.

"నేను తిరిగొచ్చేవరకే గదా," అంది నూకరత్నం.

సింహాద్రి బీడీ పారేసి పొయ్యిలోకి పిప్పి తోశాడు. అతను మాట దాటేస్తే దాని అర్థం ఏమిటో పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు తెలుసు. పంపితే ఇక తిరిగి తేడు.

ఆమె అరుగు దగ్గరికి వచ్చింది. దేముడు కదల్లేదు. పడమటి ఎండ చెంబు మీద పడి గోడ మీద చిన్న వెలుగు ఆడుతోంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"లోనికి రా నాయినా. మంచు పడతాది."

"అమ్మ రానేదు," అన్నాడు దేముడు.

"వత్తాదిలే," అంది నూకరత్నం, ఎప్పటిలాగే.

మంగళవారం, వదిలి వెళ్తే ఆటో కదలనివ్వడని దేముణ్ణి కూడా వెంటబెట్టుకుని అనకాపల్లి వెళ్ళారు. డాక్టరమ్మ రక్తం కాగితాలు చూసి, బయట బల్ల మీద చెవులు మూసుకుని కూర్చున్న దేముణ్ణి కూడా చూసింది. సంగతి అడిగి, ఇలాంటివాళ్ళకి నేర్పే సూర్యకళ గారని ఒకావిడ ప్రతి మంగళవారం వెనక గదిలో కూర్చుంటారని, ఒకసారి చూపించమని చెప్పింది. సింహాద్రి విసుక్కున్నాడు. ఇలాంటివి వాళ్ళకి కొత్త కాదు. విభూది పెట్టించారు, తాయెత్తు కట్టించారు. ఒక చోట మందులిస్తే నోటెంట చొంగ కారుతూ మూడు నెలలు పడుకున్నాడు. ఇంకోచోట కళ్ళలోకి చూడమని గడ్డం పట్టుకుని తల పైకెత్తి, చూడకపోతే ముంజేతి మీద గిల్లేవారు. ఆ మచ్చలు నూకరత్నమే లెక్కపెట్టి, మర్నాటి నుంచి పంపడం మానేసింది.

సూర్యకళకు నలభై ఏళ్ళుంటాయి. నూలు చీర, చేతికి వాచీ తప్ప నగలేమీ లేవు. వాళ్ళు రాగానే లేచి ముందు ఫ్యాను ఆపేసింది. దాని రెక్క ఎక్కడో తగులుతూ టక్కుటక్కుమంటోంది. అది ఆగాక దేముడు చెవుల మీద నుంచి చేతులు దించాడు. అంతవరకూ ఫ్యాను సంగతి నూకరత్నం గమనించనే లేదు.

"కూర్చోండి దేముడు గారూ. ఎక్కడ కావాలంటే అక్కడ."

గారు అన్న మాటకి సింహాద్రి పెదవి ఒక పక్కకి పోయింది. దేముడు కిటికీ వైపు తిరిగి నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కూడా కుర్చీ వదిలి, అతని పక్కన రెండు మూరల దూరంలో, తానూ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

"ఈయన మొకం సూడడు మేడమ్," అన్నాడు సింహాద్రి. "ముందు అది నేర్పాల. సేతులూపడం మానిపించాల."

"మునుపు నేనూ అవే నేర్పేదాన్ని," అంది సూర్యకళ కిటికీ వైపే చూస్తూ. "నా దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాయన ఒకరు తర్వాత వచ్చి చెప్పారు. మీ కళ్ళలోకి చూస్తూ కూర్చున్నన్నాళ్ళూ మీరు చెప్పిందొక్కటీ నాకు వినబడలేదండీ అని. అప్పట్నుంచి మానేశాను."

దేముడు జేబులోంచి చెరుకాకు తీసి నలపడం మొదలుపెట్టాడు. అతను ఏం తింటాడు, ఏం పని చేస్తాడు, ఏం చప్పుడు పడదు, ఏం చప్పుడు ఇష్టం అని ఆవిడ అడిగింది. ఏం పాడైందని మాత్రం అడగలేదు. నూకరత్నం పాకం సంగతి చెబుతుంటే మధ్యలో దేముడే అందుకున్నాడు.

"పెద్ద బుడగ ముందు. అది తప్పు. సిన్న బుడగ వత్తాది. తప్పు. మల్లీ పెద్దది, ఉస్సుమంతాది. అప్పుడు."

"నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది," అంది సూర్యకళ.

తర్వాత చెంబు సంగతి వచ్చింది. సింహాద్రి నుదురు రుద్దుకుంటూ చెప్పాడు. సూర్యకళ విని, దేముణ్ణే అడిగింది.

"ఆ చెంబు ఎందుకు పెడుతున్నారు?"

"అమ్మ వత్తానంది. రెండువేల రెండు, ఆగస్టు పదకొండు, ఆదివారం. అయిదూ ముప్పావు. పచ్చ కోక. ఆటోలో ఒంగి సెప్పింది. దేముడూ, వత్తాను అంది."

"అదేటి మేడమ్, ఎల్లేటప్పుడు అందరం అలాగే గదా అంతాము," అంది నూకరత్నం. "ఎల్తన్నాను అనకూడదు గదా."

సూర్యకళ తల ఊపింది. తర్వాత అడిగింది. "ఆవిడ చనిపోయినట్టు ఈయనకి ఎవరు చెప్పారు?"

సింహాద్రి పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం మొగుడి వైపు చూసింది.

"ఈడిని ఆ వేళ రాంబిల్లి అత్తోలింటికి పంపేసినాము," అన్నాడు సింహాద్రి. "శవాన్ని సూసి గోల సేత్తాడని. పన్నెండో రోజయ్యాక తెచ్చుకున్నాం. ఊరంతా అన్నారు గదా మేడమ్, పాపం మీ అమ్మ పోనాదని. ఫొటోకి దండేసి ఉన్నాది. ఇంకేటి సెప్పాల?"

"దేముడు గారూ, మీ అమ్మగారు పోయారని మీకు చెప్పారా?"

"సెప్పేరు. పోనాది," అన్నాడు దేముడు. "ఆటోలో పోనాది. నేను సూసేను. పోనోలు వత్తారు. అన్న వత్తాది అన్నాడు. వొదిన వత్తాది అంది. నిన్న కూడా అంది."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండువేల చిల్లర సాయంత్రాలు ఆ మాట తన నోటితోనే అంది. పిచ్చివాణ్ణి ఊరుకోబెట్టడానికి అనుకుంది. ఊరుకోబెట్టడం కాదు, ఆ అరుగు మీద కట్టేస్తూ వచ్చింది.

"ఆయనకి మాట అంటే మాటే," అంది సూర్యకళ లేస్తూ. "ఈ తీరుని ఆటిజం అంటారు. మందు వేసి తగ్గించేది కాదు, తగ్గించాల్సిందీ కాదు. ఆయన అలా పుట్టారు. అమ్మగారి సంగతి నేను చెప్పడం న్యాయం కాదు. ఎవరు చెప్పాలో ఆయన్నే అడుగుతాను." దేముడి వైపు తిరగకుండానే అడిగింది. "మీ అమ్మగారి గురించి మీకు తెలీని మాట ఒకటుంది. కష్టమైన మాట. తెలుసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కావాలంటే ఎవరు చెప్పాలి?"

చెరుకాకు పొడి అయి నేల మీద రాలింది.

"అన్న సెప్పాల," అన్నాడు దేముడు. "పెనం కాడ."

సింహాద్రి ఆ సాయంత్రమూ, మర్నాడూ పెనం దగ్గరికి రాలేదు. చేలో పనుందన్నాడు. గురువారం పొద్దున్న మాత్రం చీకటితోనే వచ్చి పొయ్యి రాజేశాడు. తొలి వాయి రసం పోశారు. పైన మురికి తెట్టు కట్టింది. దేముడు గరిటెతో దాన్ని ఒక అంచుకి తోసి ఎత్తి పారబోస్తున్నాడు. నూకరత్నం రసంలో వేసే సున్నపు తేట పట్టుకుని నిలబడింది. అప్పలరాజుని ఆమె ముందే చెరుకు తేవడానికి పంపేసింది.

"ఒరే తమ్ముడా."

దేముడు తెట్టు తీస్తున్నాడు.

"అమ్మ ఇంక రాదురా."

"ఎందుకు?"

"అమ్మ..." సింహాద్రి పిప్పి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "పోనాది గదరా."

"ఎక్కడికి?"

"దేముడి కాడికి."

"నా కాడికి రానేదు," అన్నాడు దేముడు.

నూకరత్నం కళ్ళు మూసుకుంది. అందరూ అనే మాట ఒక్కొక్కటీ తీసి చూస్తే ఒక్కదాంట్లోనూ ఆ సంగతి లేదు. పోయింది. కాలం చేసింది. దాటిపోయింది. ఉన్న మాట ఒక్కటే. కన్నతల్లిని పట్టుకుని ఆ మాట అనడానికి సింహాద్రికి నోరు రావడం లేదు. అది పశువులకు అనే మాట, తిట్టులో అనే మాట.

"సచ్చిపోనాదిరా," అన్నాడు సింహాద్రి. "అమ్మ సచ్చిపోనాది. ఆసుపత్రిలో సచ్చిపోనాది. ఊపిరి ఆగిపోనాది. ఏటి కాడ కట్టెల మీద పెట్టి నేనే తగలెట్టేను. బూడిదైపోనాది. ఇంక ఏనాటికీ రాదు."

గరిటె ఆగింది. తెట్టు మళ్ళీ పెనం నిండా పరుచుకుంది.

"ఎప్పుడు?"

"మంగళారం. పదమూడో తారీకు."

"నేనెక్కడున్నాను?"

"రాంబిల్లిలో."

"నాకు సెప్పనేదు."

"సెప్పనేదురా. తప్పు సేసేను."

దేముడు ఏడవలేదు. ఊగడం ఆగిపోయింది. ఆ నిలకడ చూసే నూకరత్నానికి భయమేసింది. చాలాసేపటికి అతను గరిటె ముంచి తెట్టు తీయడం మొదలుపెట్టాడు. మూడుసార్లు తీసి, "వత్తాది అన్నావు," అన్నాడు అన్నతో. వదిన వైపు కూడా గరిటె చూపించాడు. "నువ్వూ."

"అన్నాను," అంది ఆమె. "అబద్దం. ఇంక సెప్పను."

ఆ వాయి పాకం అతనే చెప్పాడు. రోజుకన్నా పెద్దగా అరిచాడు.

సాయంత్రం అయిదూ ముప్పావుకి చెంబు తోమాడు. నీళ్ళు పోశాడు. అరుగు మీద పెట్టలేదు. అన్న ముందు నిలబడి, "సూపించు," అన్నాడు.

ముగ్గురూ శారదా నది గట్టు దిగి వెళ్ళారు. సింహాద్రి ఒక చోట నిలబడి, అటూ ఇటూ చూసి, ఇంకో నాలుగడుగులు వేసి, ఇక్కడే అన్నాడు. అక్కడ ఏమీ లేదు. ఇసుక, ఆముదం మొక్కలు, ఎవరిదో పగిలిన కుండ పెంకు. దేముడు ఆ చోటు చుట్టూ ఒకసారి తిరిగాడు. పాదాలుంటాయని తనకి తోచిన చోట వంగి, చెంబు బాగా కిందికి దించి, తుళ్ళకుండా, ముందు ఒక పక్కా తర్వాత ఇంకో పక్కా పోశాడు. ఇసుక పీల్చేసుకుంది. వచ్చేటప్పుడు సింహాద్రి వెనకబడ్డాడు. నూకరత్నం అతని కోసం ఆగలేదు. ఒక్కణ్ణే కాసేపు ఉండనిచ్చింది.

అయినా హాస్టలు మాట పోలేదు. "అమ్మ సంగతి అయింది. నీ సంగతి సెప్పు," అన్నాడు సింహాద్రి శనివారం. "ఆటో ముందు పడుకుంటే నీ కడుపేటవాల? సోమారం బండి మాటాడేను."

"మంగళారం మేడమ్ని అడిగి పంపుదువుగాని. ఒక్క రోజు."

మంగళవారం ఫ్యాను ముందే ఆపి ఉంది. సూర్యకళ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. దేముడు అయిదో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి చదువుకున్నాడు. బుధవారం సాయంత్రం వదిన ఆసుపత్రికి వెళ్తుంది. గురువారం డాక్టరు కడుపు కోసి గడ్డ తీస్తారు. శుక్రవారం అన్న ఫోను చేసి ఎలా ఉందో చెబుతాడు. త్వరలో ఇంటికి వస్తుంది.

"తొరలో అంటే ఎన్ని గంటలకి?"

"నిజమే. అది మంచి మాట కాదు," అంది సూర్యకళ. కొట్టేసి, పది రోజులు పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు, ఏ రోజో అన్న ముందు రోజు చెబుతాడు అని రాసింది.

దేముడు పెన్ను అడిగి తీసుకున్నాడు. కింద వంకర అక్షరాలతో తనే రాశాడు. రాకపోతే?

నూకరత్నం ఆ మాట చూసింది. ఆపరేషనని తెలిసినప్పట్నుంచి పొయ్యి ముందు, పడక మీద, తనను తాను అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. ఇంట్లో ఎవరూ దాన్ని పైకి అననివ్వలేదు. ఏమీ అవదులే అన్నారు అందరూ. ఈ మనిషొక్కడు కాగితం మీద పెట్టాడు.

"అది మీరే చెప్పాలి," అంది సూర్యకళ ఆమెతో.

"ఎల్లేటప్పుడు సెప్తాను," అంది నూకరత్నం. సింహాద్రి వైపు తిరిగింది. "రేపు నేను సెప్పినాక కూడా పడుకుంటే, నీ బండి పిలుచుకో."

బుధవారం సాయంత్రం ఆటో వచ్చి అరుగు ముందు ఆగింది. సంచీ, ప్లాస్కు లోపల పెట్టారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు చేరారు. దేముడికి తోడుండడానికి వచ్చిన సింహాద్రి మేనత్త అప్పలనర్సమ్మ శకునం చూసి, ముత్తయిదువని ఎదురు రమ్మని నిలబెట్టింది. నూకరత్నం ఒక కాలు ఆటోలో పెట్టగానే గానుగ పాక లోంచి దేముడు వచ్చాడు. తిన్నగా ఆటో ముందుకి పోయి చక్రం పక్కన నిలబడ్డాడు. పడుకోలేదు. నిలబడి ఊగుతున్నాడు. సింహాద్రి చెయ్యి పెదవి మీదికి పోయింది.

"వత్తానని సెప్పి ఎక్కీసీ అమ్మా," అంది అప్పలనర్సమ్మ.

నూకరత్నం కాలు దించింది. దేముడి పక్కన నిలబడి, అతను చూస్తున్న వైపే, రోడ్డు మలుపు వైపే చూస్తూ చెప్పింది.

"దేముడూ, నేను ఎల్తన్నాను."

ఆడవాళ్ళలో ఎవరో చప్పరించారు. "ఓలమ్మ, అదేటి మాటే," అంది అప్పలనర్సమ్మ. "ఆసుపత్రికెల్తా ఆ మాటా? వత్తాననే."

"ఎల్తన్నాను," అంది నూకరత్నం మళ్ళీ, ఇంకా నెమ్మదిగా. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి ఎన్నడూ అనని మాట నోట్లో రాయిలా ఉంది. "రేపు కడుపు కోత్తారు. బాగుంటే పది రోజులకో పదిహేను రోజులకో తిరిగొత్తాను. రావాలనే ఉన్నాది. ఒట్టు మాత్రం పెట్టలేను. నేను సచ్చిపోతే మీ అన్నే వచ్చి నీకు సచ్చిపోనాదని సెప్తాడు. ఆ మాటే సెప్తాడు. నిన్ను ఎక్కడికీ పంపడు. ఏటి కాడికి నువ్వు కూడా వత్తావు." మొగుడి వైపు చూసింది. "సెప్పు."

సింహాద్రికి అందరూ తనను చూస్తున్నారని తెలుస్తోంది. మేనత్త చెవులు మూసుకుంది.

"సెప్తాను," అన్నాడు. "నిన్ను ఎక్కడికీ పంపను. రాంబిల్లి కూడా పంపను."

దేముడు ఊగడం ఆపాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు. రాకపోతే అన్న మాట పక్కన వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, విన్నదంతా ఒకసారి చెప్పుకున్నాడు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆటో ముందు నుంచి మూడడుగులు పక్కకి జరిగాడు.

"ఎల్లు," అన్నాడు.

ఆమె ఎక్కింది. పక్కన సింహాద్రి కూర్చున్నాడు. అప్పలనర్సమ్మ కళ్ళొత్తుకుంటూ ఏదో గొణుగుతోంది. ఆటో కదిలాక సింహాద్రి వాచీలో చూస్తే అయిదూ ముప్పావు. నూకరత్నం తల బయటికి పెట్టి వెనక్కి చూసింది. అరుగు ఖాళీగా ఉంది. గడపకు కుడిపక్కన ఇత్తడి చెంబు బోర్లించి ఉంది. మలుపులో ఆటో నెమ్మదిస్తే గానుగ పాక కనిపించింది. పొయ్యి పొగ మధ్య దేముడు కళ్ళు మూసుకుని పెనం మీదికి వంగి ఉన్నాడు. అప్పలరాజు పక్కన నిలబడి అతని నోటి వైపే చూస్తున్నాడు.

ఆటో చప్పుడులోంచి కూడా ఆమెకు వినిపించింది.

"దించు."